నాలుగు సోమవారాల రక్తం

నాకు కోపం ఎక్కువ. మా ల్యాబులో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు, మా ఇంట్లో అసలే లేరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో గాజు పళ్ళేలు పగలగొట్టినవాళ్ళని తిట్టాను, లేబుల్ తప్పు రాసినవాళ్ళని తిట్టాను, ఒకసారి మా డైరెక్టరుగారు చెప్పులతో లోపలికి వస్తే ఆయన్నే బయటికి పంపేశాను. పని సరిగ్గా జరగాలంటే ఎవరో ఒకరు అరవాలని, ఆ అరిచే మనిషిని నేనేనని అనుకునేదాన్ని. ఆ అరుపు ఎవరికి ఎంత నష్టం చేసిందో ఇప్పుడు చెబుతాను.

సువర్చల మా వదిన. మా ఆయన సూరిబాబుకి అక్క. ఆరేళ్ళ వయసులో తట్టు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. కాకినాడలో అంధుల బడిలో ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి బ్రెయిలీ నేర్పుతోంది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజునుంచీ ఆవిడ మాతోనే ఉంది. మా ఇద్దరికీ పడదని చుట్టాల్లో పేరు. నిజానికి బాగానే పడేది. నేను అరుస్తుంటే ఆవిడ నవ్వేది, ఆ నవ్వు విని నేను ఇంకాస్త అరిచేదాన్ని.

దీపావళికి వారం ఉందనగా ఆవిడకి మా ఆసుపత్రిలోనే ఆపరేషన్ జరిగింది. అండాశయంలో కణితి. థియేటర్ తలుపు దగ్గర మా టెక్నీషియన్ నస్రీన్ ఐసు డబ్బాతో నిలబడి ఉంది. లోపల్నుంచి నర్సు చింతగింజంత ముక్క ఒకటి తెచ్చి డబ్బాలో వేయగానే నస్రీన్ రెండంతస్తుల మెట్లు పరుగున దిగింది. నేను వెనక "జాగ్రత్త, జాగ్రత్తే!" అని కేకలేస్తూ దిగాను. ల్యాబులో ఆ ముక్కని వెంట్రుక మందాన పొరలుగా కోసి, పళ్ళెంలోని గుంటల్లో ఒక్కొక్కటీ పరిచాం. ఇరవై నిమిషాల్లో అయిపోవాలి, లేకపోతే ముక్క చచ్చిపోతుంది. పద్దెనిమిదిలో చేశాం.

ఆ యంత్రానికి కాగితాల మీద పలకడానికి నోరు తిరగని పేరొకటి ఉంది. మేం నారుమడి అనేవాళ్ళం. ఒక్కో గుంటలో ఒక్కో మందు పోస్తాం. ఏ గుంటలో గడ్డ ముక్క చస్తుందో ఆ మందు ఆ మనిషికి పనిచేస్తుందని లెక్క. ఇలాంటి పరీక్షలు ఇదివరకూ ఉన్నాయి, కానీ సీసాలో ద్రవం తాగి బతికే గడ్డ ఒంట్లో ఉన్న గడ్డలా ప్రవర్తించదు. అందుకని మేం దానికి రోగి రక్తంలోని సీరమే పట్టిస్తాం. మొదటి వారం కోలుకోవడానికి మామూలు ద్రవం, ఆ తర్వాత నాలుగు వారాలు ఆ మనిషి సొంత రక్తం. సోమవారం సాయంత్రం తీసిన రక్తం వారమంతా తాగుతుంది. అప్పటికి తొమ్మిదిమందికి చేశాం. మడి చెప్పినట్టే తొమ్మిదిమందిలోనూ జరిగింది. వదిన పదో మనిషి.

ఆపరేషన్ అయిన మూడోరోజు డాక్టర్ ఎస్తేరుగారు గదికి వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడ ఏదీ దాచి చెప్పే మనిషి కాదు.

"సువర్చలగారూ, కణితి తీసేశాం. కంటికి కనపడని కణాలు ఇంకా ఉంటాయి. వాటికి కీమో ఇవ్వాలి. మామూలుగా అయితే నేను పన్నెండో నంబరు మందు పెడతాను. గట్టి మందు. కానీ అది వేళ్ళ చివర నరాల్ని చంపేస్తుంది. చాలామందికి స్పర్శ మళ్ళీ రాదు."

వదిన దుప్పటి అంచు రెండు వేళ్ళ మధ్య నలుపుతోంది. "వేళ్ళు పోతే నాకు రెండోసారి చూపు పోయినట్టేనండీ డాక్టరమ్మగారూ," అంది.

"అందుకే అడుగుతున్నాను. ఏడో నంబరని ఇంకో మందుంది. వేళ్ళ జోలికి పోదు. అయితే పదిమందిలో ముగ్గురికే పనిచేస్తుంది."

"ఆ ముగ్గురిలో వదిన ఉందో లేదో మా మడి చెబుతుంది," అన్నాను నేను.

డాక్టర్‌గారు వెళ్ళాక వదిన నా చెయ్యి వెతికి పట్టుకుంది. "హైమా, నీ మడి అబద్ధం చెప్పదు కదా?"

"దానికి అబద్ధాలు రావు వదినా."

ఇంటికి తెచ్చాక ఆవిడ తిండి విషయం నేను చేతిలోకి తీసుకున్నాను. పొద్దున్న ఎనిమిదింటికి పాలు, పెసరట్టు. పదకొండింటికి పళ్ళరసం. ఒంటిగంటకి పప్పు, పెరుగు. కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను, ఆవిడ చదువుకోవడానికి బ్రెయిలీలో కూడా పొడిపించాను, అదీ ఆవిడ చేతే. నేను ఏడింటికల్లా ల్యాబుకి వెళ్ళిపోతాను, రాత్రికి గాని రాను. అందుకని ఫోను చేసి మరీ గదమాయించేదాన్ని. "తిన్నాను తల్లీ, గిన్నె కడిగేసి కూడా పెట్టాను," అనేది. మా ఆయన వెనకనుంచి "తింది, తింది" అని వంత పాడేవాడు.

సోమవారాలు సాయంత్రం అయిదింటికి ఆయనే ఆటోలో తీసుకొచ్చేవాడు. నస్రీన్ రక్తం తీసేది. "ఇవాళేం వండిపెడతావమ్మా నా గడ్డకి?" అని వదిన హాస్యమాడేది. "మీరు ఏం తింటే అదే పెడతానమ్మా," అనేది నస్రీన్. నాలుగు సోమవారాలు అలా గడిచాయి.

ఆఖరి రోజు పళ్ళెం మైక్రోస్కోపు కింద పెట్టాను. ఏడో నంబరు గుంటలు రెండింట్లోనూ ముక్కలు చచ్చి ముద్దయిపోయాయి. పన్నెండో నంబరులోనూ చచ్చాయి, అది అనుకున్నదే. మందు వేయని గుంటలో ముక్క బతికే ఉంది. కాకపోతే ఎందుకో కాస్త నీరసంగా ఉంది, మిగతా తొమ్మిదిమంది ముక్కల్లా పెరగలేదు. నస్రీన్ అది చూపించి, "మేడమ్, ఇది ఇంతేనా?" అంది.

"ఆపరేషన్ అయిన మనిషి రక్తం, అలాగే ఉంటుంది. పెద్ద పరిశోధన మొదలెట్టావు," అని కసిరాను.

ఏడో నంబరు అని రిపోర్టు రాసి, మెట్లెక్కి స్వయంగా డాక్టర్ ఎస్తేరుగారి బల్ల మీద పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివారు. "ఖాయమేనా హైమవతిగారూ? నా అనుభవం పన్నెండనే అంటోంది."

"నా మడి ఏడంటోంది."

"సరే. మీ మాట మీద పెడుతున్నాను," అన్నారు.

ఇంటికి ఫోను చేస్తే వదిన ఏడో నంబరేనా అని రెండుసార్లు అడిగింది. తర్వాత ఏడుస్తున్నట్టు వినబడింది. ఇరవై ఏళ్ళలో ఆవిడ ఏడుపు వినడం అదే మొదటిసారి. నేనూ ల్యాబు స్టోరు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

మూడుసార్లు మందు ఎక్కించారు. జుట్టు రాలింది. "అద్దంలో చూసుకునే బాధ నాకెలాగూ లేదు," అని నవ్వింది. బడికి వెళ్ళలేకపోయినా ఇంట్లోనే కూర్చుని మూడో తరగతి పిల్లలకని బ్రెయిలీలో కథలు పొడిచేది. సాయంత్రాలు పిల్లలు వచ్చి పాఠాలు చెప్పించుకుని వెళ్ళేవాళ్ళు. వేళ్ళు బాగున్నాయి.

గడ్డ జాడ తెలిపే మార్కరు అని ఒకటి రక్తంలో చూస్తారు. ఆపరేషన్ తర్వాత ముప్ఫై ఉంది. రెండో మందు తర్వాత అరవై నాలుగైంది. మూడోదయ్యాక నూట నలభై. జనవరి ఆఖర్లో డాక్టర్ ఎస్తేరుగారు నన్ను పిలిచి ఆ కాగితం ముందుకి తోశారు.

"గడ్డ లేస్తోంది. ఏడో నంబరు దాన్ని తాకనైనా తాకలేదు. ఏం జరిగింది?"

"మందులో కల్తీ ఉండి ఉంటుంది," అన్నాను.

"మీ మడిలో ఉండి ఉండకూడదా?"

నాకు ఒళ్ళు మండింది. దిగొచ్చి, ఫ్రీజర్లో దాచిన వదిన గడ్డ ముక్కలు బయటికి తీయించాను. అదే మందు, అదే పళ్ళెం. ఆ రోజే వదిన దగ్గర కొత్తగా తీసిన రక్తం. ఆరు రోజులు చూశాం. ఏడో నంబరు గుంటలో గడ్డ ముక్క చావలేదు సరికదా, పెరిగింది. నేను మందు కంపెనీని తిట్టాను, ఫ్రీజర్‌ని తిట్టాను, కరెంటువాళ్ళని తిట్టాను. నస్రీన్ మాత్రం నాకు చెప్పకుండా పక్కన ఇంకో వరస పెట్టింది. అందులో పోసింది నవంబరు సోమవారాల్లో తీయగా మిగిలిన పాత సీరం.

ఆ వరసలో ముక్కలు చచ్చిపోయాయి.

"మందులో ఏం లేదు మేడమ్. తేడా రక్తంలో ఉంది," అంది. అప్పుడు పాత సీసాలు నాలుగూ తీసి చక్కెర చూశాం. అరవై ఒకటి, యాభై ఎనిమిది, అరవై మూడు, యాభై తొమ్మిది. కొత్త సీసాలో నూట నాలుగు. పాతవాటిలో, ఒంట్లో కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లు కూడా బాగా ఉన్నాయి. నస్రీన్ మెల్లిగా అంది.

"పోయిన రంజాన్‌లో యంత్రం సరిచూసుకోడానికి సాయంత్రం నా రక్తమే తీశారు, గుర్తుందా మేడమ్? రోజా విడవకముందు. ఇవే అంకెలు. ఇది పొద్దుటినుంచి ఏమీ తినని మనిషి రక్తం."

"పరగడుపున రక్తం ఇవ్వడం మనవాళ్ళకి అలవాటేగా."

"పరగడుపంటే పొద్దున్న మేడమ్. ఇవి సాయంత్రం అయిదింటివి. నాలుగూ సోమవారాలే."

గోడకి తెలుగు క్యాలెండరు వేలాడుతోంది, పాత సంవత్సరానిది, పారేయడానికి బద్ధకించి వదిలేసింది. నవంబరు పేజీ తిప్పాను. సోమవారాల పక్కన చిన్న అక్షరాలతో అచ్చయి ఉంది. కార్తీక సోమవారం. కార్తీక సోమవారం. కార్తీక సోమవారం. కార్తీక సోమవారం.

మూడింటికే ఇంటికి బయల్దేరాను. వదిన వరండాలో బ్రెయిలీ పలక ఒళ్ళో పెట్టుకుని సూదితో చుక్కలు పొడుస్తోంది. మా ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను.

"వదినా, నవంబరులో సోమవారాలు మీరేం తిన్నారు?"

సూది ఆగింది.

"ఏవండీ, మీరైనా చెప్పండి."

మా ఆయన పేపరు మడిచాడు, మళ్ళీ విప్పాడు. "అక్కే చెప్పొద్దంది హైమా. ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న సోమవారాలు. ఆసుపత్రినుంచి రాగానే నేను మేడ మీదికెళ్ళి చుక్క పొడిచిందో లేదో చూసొచ్చి చెప్పేవాణ్ణి. అప్పుడు తినేది."

"మంచినీళ్ళు?"

"ముట్టేది కాదు."

"ముందురోజు?"

"ఆదివారం ఒంటిపూట," అంది వదిన.

"నాకెందుకు చెప్పలేదు?"

"దీపావళి మర్నాడు నువ్వేమన్నావో గుర్తుందా? ఈ ఒంటితో ఉపవాసమన్న మాట నా చెవిన పడితే ఇల్లొదిలి పోతానన్నావు. అంత పని ఎందుకని ఊరుకున్నాను."

నాకు గుర్తుంది. వంటింట్లో గరిటె పట్టుకుని అరిచాను. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు కూడా.

"ఈ ఏడైనా మానొచ్చు కదా వదినా! కుట్లు కూడా ఆరలేదే!"

"ఈ ఏడే ఉండాలనిపించింది. వేళ్ళు నిలబెట్టమని మొక్కుకున్నాను."

నేను మెట్టు మీద కూలబడ్డాను. అప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఉపవాసమున్న రక్తంలో గడ్డకి కావలసిన తిండి ఉండదు. మడిలో ముక్క నాలుగు వారాలు పగలూ రాత్రీ ఆ రక్తమే తాగి మలమల మాడింది. మాడిన గడ్డని ఏడో నంబరు సులువుగా చంపేసింది. వదిన ఒంట్లో గడ్డ మాత్రం సోమవారం ఒక్కరోజు మాడి, మిగతా ఆరు రోజులూ నేను రాసిపెట్టిన పెసరట్లూ పప్పులూ తిని బలిసింది.

వదిన పలక పక్కన పెట్టింది. "అయితే మందు ఎక్కించే రోజుల్లో ఉపవాసం ఉంటే పనిచెయ్యదా?" అని అడిగింది. గొంతులో ఇంకా ఆశ ఉంది.

"మడిలో ముక్క ఇరవై ఎనిమిది రోజులు ఏకబిగిన మాడింది వదినా. మనిషి అలా ఉండలేడు. ఉంటే గడ్డకంటే ముందు మీరు పోతారు."

"అంటే పన్నెండో నంబరేనా?"

"అదే."

"వేళ్ళు నిలబెట్టమని ఉన్న ఉపవాసమే..." అని ఆగిపోయింది. మా ఆయన తలొంచుకుని ఏడుస్తున్నాడు. నేను అరుస్తానని ఇద్దరూ ఎదురుచూశారు. అరవడానికి నాకు మొహం చెల్లలేదు. నేను కాస్త నెమ్మదైన మనిషినై ఉంటే ఆవిడ మొదటి సోమవారమే చెప్పి ఉండేది, మేం మంగళవారం రక్తం తీసుకునేవాళ్ళం. అంతే తేడా. మూడు నెలలు పోయాయి, గడ్డ లేచింది.

మర్నాడు డైరెక్టరుగారు నన్నూ నస్రీన్‌నీ పిలిచారు. యంత్రం మీద మచ్చ పడకుండా ఆయన ఒక వాక్యం తయారుచేసి పెట్టారు: రోగి ఉపవాసం సంగతి దాచిపెట్టారు. దాని కింద సంతకం పెట్టమన్నారు. మా ఫారంలో పంతొమ్మిది ప్రశ్నలున్నాయి. షుగరుందా, బీపీ ఉందా, పొగాకు అలవాటుందా అన్నీ ఉన్నాయి. చివరిసారి ఎప్పుడు తిన్నారని లేదు. ఆ ఫారం రాసింది నేను. ఆయన వాక్యం కొట్టేసి, "రోగిని అడగలేదు. ఫారం తయారుచేసింది నేను. మందు లేని గుంటలో తేడా ఉందని టెక్నీషియన్ చెప్పినా వినలేదు," అని రాసి సంతకం చేశాను.

బయటికొచ్చాక ఫారంలో ఇరవయ్యో ప్రశ్న చేర్చమని నస్రీన్‌కి చెప్పాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ప్రశ్న పెడితే సరిపోదు మేడమ్. మీరు అడిగితే ఎవరూ నిజం చెప్పరు. నేనడుగుతాను."

"సరే, నువ్వే అడుగు," అన్నాను.

ఫిబ్రవరిలో, దాచిన ముక్కల మీద మడి ఇంకోసారి పెట్టి చూశాక, పన్నెండో నంబరు మొదలుపెట్టారు. మొత్తం నాలుగుసార్లు ఎక్కించాలి. డాక్టర్ ఎస్తేరుగారు నాతో ఒక మాట గట్టిగా చెప్పారు. "రోజూ ఆవిడ చేత చదివించండి. చుక్క తెలియడం లేదంటే ఆ రోజే నాకు చెప్పాలి. ఎంత త్వరగా తెలిస్తే అంత మిగుల్చుకోవచ్చు."

అప్పట్నుంచి నేను అయిదున్నరకల్లా ఇంటికి రావడం మొదలుపెట్టాను. వదిన వరండాలో కుర్చీ వేసుకుని, తను పొడిచిన కథే ఒళ్ళో పెట్టుకుని నాకు చదివి వినిపించేది. ఉప్పుటేరులో తప్పిపోయిన పీత కథ. పీతకి ఒక గొంతు, కొంగకి ఒక గొంతు, పడవవాడికి ఒక గొంతు. మూడో తరగతి పిల్లల కోసం రాసింది గాని నాకూ బాగుండేది. మొదటి మందు అయింది, వేళ్ళు బాగానే కదిలాయి. రెండోది అయింది. వాంతులు, నీరసం. చదవడం మాత్రం మానలేదు, ఎక్కడా తడబడలేదు. మార్కరు నూట నలభై నుంచి తొంభైకి, అక్కణ్ణించి నలభై ఒకటికి దిగింది. ఈ మాటు దేవుడు కరుణించాడనే అనుకున్నాను.

మార్చిలో ఒక సాయంత్రం పీత ఉప్పుటేరు దాటి, అది సముద్రంలో కలిసే మొగదగ్గరికి చేరే ఘట్టం చదువుతోంది. నేను పక్కన బెండకాయలు తరుగుతూ వింటున్నాను. కాడలు పారేద్దామని లేచినప్పుడు ఆవిడ ఒళ్ళో ఉన్న పేజీ కనబడింది. అది అధ్యాయం చివరి పేజీ. చుక్కలు పై సగంలోనే ఉన్నాయి, కింది సగం తెల్లకాగితం. వదిన చూపుడువేలు ఆ తెల్లకాగితం మీద ఎడమనుంచి కుడికి, మళ్ళీ ఎడమనుంచి కుడికి నడుస్తోంది. గొంతు ఆగకుండా కథ చెబుతోంది.

చేతిలో గిన్నె కింద పెట్టేశాను.

"వదినా."

"ఊఁ?"

"అక్కడ చుక్కలు లేవు."

వేలు ఆగింది. పేజీ మీద అరచెయ్యి బోర్లించింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"రెండోసారి ఎక్కించిన నాలుగోరోజునుంచి. మొదట కుడిచెయ్యి. తర్వాత రెండూనూ."

"పదకొండు రోజులు నాకు చదివి వినిపించారు."

"నేను రాసిన కథేగా, కంఠతా వచ్చు."

"ఎందుకు వదినా? మళ్ళీ అరుస్తాననా?"

"కాదే. ఈసారి నీ కోపానికి కాదు." వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది వెళ్ళేదాకా ఆగి అంది. "చెబితే మందు ఆపేస్తారు. ఆపితే గడ్డ మళ్ళీ లేస్తుంది. ఇన్నాళ్ళూ వేళ్ళుంటే చాలు, ప్రాణం పోయినా పర్లేదని అందరితోనూ అన్నాను, నీతోనూ అన్నాను. ఆ నూట నలభై అన్న రోజున తెలిసింది హైమా. నాకు బతకాలనుంది. వేళ్ళు లేకపోయినా సరే, ఉట్టినే కూర్చుని ఉన్నా సరే, బతకాలనుంది. చెప్పుకోడానికి సిగ్గేసింది."

నేను కింద కూర్చుని ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. మా ఆయన గుమ్మందాకా వచ్చి, మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

"వదినా, అది వేళ్ళతో ఆగదు. పాదాలకి పాకితే నడవలేరు. ఎంత ఎక్కించాలో, ఎక్కించాలో వద్దో, డాక్టర్‌గారు నిజం తెలుసుకుని ఆలోచించాలి. పోయినసారి నిజం తెలియకపోవడమే కదా మన కొంప ముంచింది."

"నువ్వు చెప్పేస్తావా?"

నోటిదాకా వచ్చింది, చెప్పేస్తానని. మింగేశాను. "నేను చెప్పను. మీరే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను."

మర్నాడు పొద్దున్న డాక్టర్ ఎస్తేరుగారి గదిలో వదిన అంతా చెప్పింది. పదకొండు రోజుల సంగతీ, సిగ్గుపడిన సంగతీ కూడా. డాక్టర్‌గారు కోప్పడలేదు. మొద్దు సూదితో పదివేళ్ళూ ఒక్కొక్కటే గుచ్చి చూశారు. "తెలుస్తోందా?" "లేదండీ." "ఇది?" "లేదండీ." పదిసార్లూ అదే జవాబు. బొటనవేళ్ళ మొదట్లో మాత్రం కాస్త తెలిసింది. పాదాలకి ఇంకా పాకలేదు.

"సువర్చలగారూ, ఇక్కడ ఆపేస్తే ఏడాదిలో సగం స్పర్శ తిరిగి రావచ్చు. అక్షరాలు పట్టుకునేంత రావచ్చు, రాకపోవచ్చు. గడ్డ సంగతి మాత్రం నేను హామీ ఇవ్వలేను. మిగిలిన రెండూ ఎక్కిస్తే గడ్డ పూర్తిగా పోయే అవకాశం బాగా ఉంది. వేళ్ళు ఇక రావు. పాదాల్ని వారం వారం చూసుకుంటాను. ఇది నేను తేల్చే విషయం కాదు."

వదిన నా వైపు మొహం తిప్పింది. "నీ మడి ఏమంది హైమా?"

"పన్నెండో నంబరు గుంటల్లో ఒక్క కణం కూడా మిగల్లేదు వదినా. ఈసారి మీరు తిన్న రోజు రక్తమే పోశాం. తిన్నారో లేదో నస్రీన్ అడిగింది."

"అడిగింది. ఏం కూర అని కూడా అడిగింది." ఆవిడ పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చి పోయింది. తర్వాత డాక్టర్‌గారి వైపు తిరిగి, "ఎక్కించండి," అంది.

డాక్టర్‌గారు అనుమతి కాగితం తెప్పించారు. తెచ్చిన గుమాస్తా చూపులేని మనిషని చూసి సిరా ముద్ర డబ్బా కూడా వెంట తెచ్చాడు. "వేలిముద్ర వెయ్యండమ్మా," అన్నాడు.

"నేను టీచర్ని బాబూ. సంతకం చేస్తాను," అంది వదిన.

ఆవిడ సంతకం చేసే పద్ధతి నాకు తెలుసు. కాగితం అంచు తడిమి, అక్కణ్ణించి కొలుచుకుని, ఎడమచేతి చూపుడువేలు గీత దగ్గర ఆనించి, ఆ వేలి పక్కనే కుడిచేత్తో రాస్తుంది. బ్యాంకులో, బడిలో, ఎక్కడైనా అంతే. కలం తీసుకుంది. ఎడమచేత్తో కాగితం అంచు వెతికింది. వేలు కాగితం దాటి బల్ల మీదికి పోయింది, తిరిగొచ్చింది, మళ్ళీ దాటిపోయింది. ఏది కాగితమో ఏది బల్లో ఆవిడకి తెలియడం లేదు. గుమాస్తా ముద్ర డబ్బా మూత తీశాడు. నేను వాడి వైపు చూశాను. మూసేశాడు.

"హైమా, నా వేలు పట్టుకుని ఆ గీత మీద పెట్టు," అంది.

పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళు చుక్కలు తడిమిన వేలు, చివర చర్మం మెరుస్తూ నున్నగా ఉంది. గీత మీద ఆనించి, కదలకుండా గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ కలం ఎత్తి ఎదురుచూస్తోంది.

"పట్టుకున్నావా?" అని అడిగింది.

"పట్టుకునే ఉన్నాను వదినా," అన్నాను.